పల్లిచేనుకు పెద్దన్న కావలి

అమెరికా సామ్రాజ్యవాదం మళ్లీ జడలు విప్పుతోందని దిగులుపడుతున్న మిత్రులకు నాదొక విన్నపం. దయచేసి దిగులు మానండి. వీలైతే మిఠాయిలు పంచండి. మన కాలానికి దక్కిన వరాలలో ఇంతటిది మరొకటి లేదు!

ఈ మాట ఆవేశంలో అనడం లేదు. జనగామలో ఏళ్ల తరబడి రాజనీతి శాస్త్రం చెప్పిన కారణంగా, ఏ సంగతిలోనైనా కారణాన్ని ఒక పక్కన, ఫలితాన్ని మరో పక్కన పెట్టి చూడటం నాకు అలవాటు. అలా చూసిన తర్వాతే అంటున్నాను. కాస్త నిదానంగా వినండి.

ముందు భూగోళ జ్ఞానం సంగతి చూడండి. మొన్నమొన్నటి దాకా మా బచ్చన్నపేట మండలంలో గ్రీన్‌లాండ్ అంటే ఎవరికి తెలుసు? హైదరాబాద్ రోడ్డు మీద కొత్తగా వేసిన వెంచరనీ, ప్లాట్లు అమ్ముతున్నారనీ అనుకునేవారు. ఇవాళ హోటల్ ముందు చాయ్ తాగేవాళ్లు సైతం ఆ మంచు ద్వీపం ఎవరిది, ఎవరికి కావలసి వచ్చింది, ఏ భద్రత కోసం కావలసి వచ్చింది అని గ్లాసు చల్లారేదాకా వాదించుకుంటున్నారు. పనామా కాలువ ఏ సముద్రాన్ని ఏ సముద్రంతో కలుపుతుందో నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన రోజుల్లో వెనుక బెంచీలు హాయిగా నిద్రపోయేవి. అగ్రరాజ్యం “అది మాది, తిరిగి ఇచ్చెయ్యండి” అని ఒక్క మాట అన్నదో లేదో, అవే వెనుక బెంచీలు ఇప్పుడు నాకు వాట్సాప్‌లో మ్యాపులు పంపుతున్నాయి!

ఇక నిజాయితీ. పూర్వం అమెరికా ఏ దేశంలోనైనా కాలు పెట్టాలంటే ఎంత శ్రమపడేది! ప్రజాస్వామ్యం అనాలి, మానవ హక్కులు అనాలి, స్వేచ్ఛ అనాలి. ఆ పెద్దమాటలన్నీ మా విద్యార్థులు బట్టీ పట్టాలి. ఇప్పుడో? “నచ్చింది, కావాలి, ఇవ్వండి.” పాఠం అయిపోయింది! ఆఖరికి రక్షణ శాఖ అని పిలుచుకుంటూ వచ్చినదానికి యుద్ధ శాఖ అని తామే పేరు పెట్టుకున్నారు. పులి తన మెడలోని రుద్రాక్షమాలను తానే తీసి కొమ్మకు తగిలించిందంటే లేళ్లు సంతోషించాలా, ఏడవాలా? మాకు సిలబస్ సగం తగ్గింది. నేను సంతోషించే పక్షం.

అన్నిటినీ మించిన మేలు ఇంకొకటి ఉంది. అది చెప్పాలంటే మా ఊరి కోతుల దగ్గరికి వెళ్లక తప్పదు.

మా ఊరి చుట్టూ ఒకప్పుడు గుట్టలుండేవి. ఆ గుట్టలు కంకరగా మారి రోడ్ల కిందికి పోయాయి. గుట్టల మీది సీతాఫలం చెట్లూ తునికి చెట్లూ గుట్టలతోనే పోయాయి. కోతులకు రోడ్డు మాత్రం మిగిలింది. రోడ్డు ఊళ్లోకి వచ్చింది కనుక అవీ ఊళ్లోకి వచ్చాయి. ఇందులో కోతుల తప్పేమైనా ఉందా? కారణం కంకర, ఫలితం కోతి. అంతే!

వచ్చినవి ఊరికే ఉండలేదు. మక్కజొన్నచేలు పోయాయి, పల్లిచేలు పోయాయి, పందిళ్ల మీది బీరతీగా చిక్కుడుతీగా పోయాయి. మా వాళ్లు తెలివైనవాళ్లు. కోతి తినని పంట ఏదా అని ఆలోచించి ఊరంతా పత్తి పెట్టారు. కోతి పత్తి తినదు! మనిషి తినేది పండించకపోతే కోతి తినడానికి ఏమీ ఉండదన్న సూత్రాన్ని మా ఊరు తు.చ. తప్పకుండా అమలు చేసింది. మరి మనిషి ఏం తినాలి? దానికి జనగామ మార్కెట్ ఉంది కదా అన్నారు.

ముత్తమ్మ ఒక్కతే ఈ సూత్రాన్ని ఒప్పుకోలేదు.

ముత్తమ్మకు బావి కింద అర ఎకరం ఉంది. అందులో యాసంగి పంటగా పల్లి వేస్తుంది. ఆ విత్తనం దుకాణంలో దొరికేది కాదు. ఆమె అత్త చేతి మీదుగా వచ్చింది. గింజ చిన్నది, పొర ఎర్రది, నమిలితే నోరంతా నూనె. ఏటా పంటలోంచి మంచి కాయ ఏరి, ఎండబెట్టి, మరుసటి పంటకు దాస్తుంది. ఒక్క పంట చేతికి రాకపోతే అప్పు తెచ్చుకుందామన్నా ఆ విత్తనం మరొకరి ఇంట్లో లేదు. ఊళ్లో అందరూ పత్తిలోకి వెళ్లిపోయారు కదా! అందుచేత ఆమె పొద్దంతా వడిసెల పట్టుకుని గట్టు మీదే ఉండేది. పల్లి పూతకు వచ్చేసరికి ఆమె గొంతు పోయింది. కోతుల గొంతులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె ఊరి మీటింగ్‌లో నిలబడి అడిగినదల్లా ఒక్కటే. పాత కాలంలో జొన్నచేలకు మా ఊళ్లో వంతు కావలి ఉండేది. ఇంటికొకరు చొప్పున మంచె ఎక్కి, ఎవరి చేను అని చూడకుండా పిట్టలను తోలేవారు. దాన్ని మళ్లీ పెట్టమంది.

“ఒక్కదాన్ని ఎంతని కొట్లాడుదును బిడ్డా? ఇంటికొకలు ఒక పూట కూసుంటె నా ఇత్తనం బతుకుతది. గింతనే నేనడిగేది.”

దానికి ప్రదీప్ లేచాడు. ఇతను మా ఊరి యువజన సంఘానికి అధ్యక్షుడు, పత్తి రైతు, లోక వ్యవహారాలను ఫోన్‌లో ఎప్పటికప్పుడు అనుసరించే జ్ఞాని.

“పెద్దమ్మా, గా మంచెల కాలం పోయింది. అందరం నీ చేన్ల కూసుంటె మా పత్తి ఎవలు ఏరాలె? సెక్యూరిటీ అన్నంక పవర్‌ఫుల్ మనిషికి అప్పజెప్పాలె. పెద్ద పెద్ద దేశాలే గట్ల చేస్తున్నయ్.”

“నీ సెక్యూరిటీ పోయినేడు సూసిన తియ్యి. పులిబొమ్మ కట్టిస్తివి గదా!”

సభ గొల్లుమంది. నిరుడు ప్రదీప్ నోరు తెరిచిన పులితో పెద్ద ఫ్లెక్సీ వేయించి ఆమె చేనులో కట్టించాడు. ఫ్లెక్సీ అన్నాక కింద దాత ఫొటో ఉండాలి కనుక ఒక మూలన తాను చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డాడు. కోతులు పులిని ముట్టుకోలేదు. ప్రదీప్‌ను మాత్రం గోళ్లతో చీల్చి పారేశాయి. ఎవరికి భయపడాలో, ఎవరికి భయపడనక్కర లేదో వాటికి తెలుసు. విదేశాంగ విధానానికి ఇంతకన్నా గట్టి పునాది ఏముంటుంది?

అంతకుముందు దేశ బహిష్కరణ కూడా ప్రయత్నించాం. పట్టేవాళ్లను పిలిపించి, కోతులను వ్యానెక్కించి, గంగారం అడవిలో విడిచి వచ్చారు. ఊరు చప్పట్లు కొట్టింది. వారం తిరగకముందే అక్కడి తండా నుంచి బాల్‌సింగ్ అనే ఆయన ప్రదీప్ నంబర్ సంపాదించి ఫోన్ చేశాడు.

“అన్నా, మీ కోతులు అడివి కోతులు కావే! చెట్టు ఎక్కుమంటె బండి ఎక్కుతున్నయ్. మా పోరగాండ్ల సద్ది గుంజుకపోతున్నయ్. చిప్స్ ప్యాకిట్లు లేకుంట అన్నం ముడుతలెవ్వు. అచ్చి తోల్కపోతవా, మల్ల వ్యాన్ల ఏసి పంపాల్నా?”

ప్రదీప్ ఫోన్ కట్టేసి నంబర్ బ్లాక్ చేశాడు. తర్వాత తండావాళ్లు వాటిని టేకుమట్ల వైపు పంపారని విన్నాను. అక్కడివారు ఎటు పంపారో తెలియదు. సంకెళ్లు వేసి విమానాల్లో మనుషులను పంపించే పద్ధతి గురించి పత్రికల్లో చదివినప్పుడు, మా ఊరు ఈ రంగంలో ఎంత ముందుందో అర్థమై గర్వపడ్డాను.

ఈ అనుభవాలన్నిటి సారంగా ప్రదీప్ ఒక మహాశక్తిని తీసుకొచ్చాడు. కొండముచ్చు! మా వైపు కొండెంగ అంటారు. నల్లటి మొహం, వెండి జుట్టు, బారెడు తోక. దాన్ని చూస్తేనే ఎర్రమూతి కోతులు పారిపోతాయని ప్రతీతి. దాన్ని ఆడించే భిక్షం అనే ఆయన తాడు చేత పట్టుకుని బస్సు దిగాడు. ఊరి పెద్దలు ఎదురు వెళ్లారు. దండ వేశారు. శాలువా కప్పారు. భిక్షానికి కాదు, కొండెంగకే!

“తోకను కప్పకుండ్లి సారూ, తోక మీద బట్ట పడితె ఆయనకు కోపమొస్తది,” అన్నాడు భిక్షం. వెంటనే శాలువాను మలిచి భుజాల వరకే ఉంచారు. అగ్రరాజ్యాల మర్యాదలు మనకు కొత్తా?

దాన్ని కోతి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. పెద్దన్న అన్నారు. “పెద్దన్న తిన్నడా? పెద్దన్న పన్నడా?” అని ఊరంతా ఒకటే పరామర్శ. ఊరి మొగదాల, అంటే ఊళ్లోకి వచ్చే దారి మొదట్లో, దాని మకాం. కాపలా ఖర్చు కింద రోజూ అరటిపళ్లు, పూటకో ఇంటి నుంచి రొట్టెలు అని ఒప్పందం కుదిరింది.

అసత్యమెందుకు చెప్పాలి, మొదటి రోజుల్లో అద్భుతమే జరిగింది. పెద్దన్న ఒక్కసారి పళ్లు చూపించగానే కోతుల గుంపు తోకలు ఎత్తుకుని పొలిమేర దాటి పక్క ఊళ్లోకి పోయింది. పక్క ఊరివాళ్లు లబోదిబోమంటుంటే మా హోటల్ ముందు రెండోసారి చాయ్ పోయించుకున్నారు. ముత్తమ్మ చేనులో పల్లిపూత నుంచి ఊడలు దిగాయి. నేలలో కాయ పట్టడం మొదలైంది. “ఈయేడు ఇత్తనానికి ఢోకా లేదు పంతులమ్మా,” అని ఆమె నాతో అన్నప్పుడు పోయిన గొంతు మళ్లీ వచ్చినట్టనిపించింది.

అప్పుడు విదేశాంగ విధానం మారింది.

ఇక్కడ సిద్ధాంతపరమైన ఒక సూక్ష్మం గమనించాలి. కొండెంగ అడవిలో ఆకులూ అలములూ తినే జీవి. పల్లికాయ దాని ఆహారం కాదు. కానీ కాపలా కాసే చోట ఏమి కాస్తున్నామో రుచి చూడకుండా ఎలా కాస్తాం? ఒకరోజు అది అరటిపండును వాసన చూసి అవతల పారేసింది. తాడు తెంపుకుని ముత్తమ్మ చేను గట్టున ఉన్న వేపచెట్టు ఎక్కి కూర్చుంది. దిగనంది.

ముత్తమ్మ భిక్షాన్ని నిలదీసింది. “ఏంది అయ్యా గిది? ఊరి మొగదాల ఉంటడంటివి, నా చేన్లకెందుకొచ్చిండు?”

“అవ్వా, కావలి కాయాల్నంటె కావలి కాసే జాగల్నే ఉండాలె గదా. ఊరి మొగదాల కూసుంటె నీ చేనెట్ల కనవడ్తది?”

“కనవడుడు కాదు, పల్లిచెట్టు పీకుతాండు!”

“చెక్ చేస్తాండవ్వా. కాయ పట్టిందా లేదా సూడాలె గదా.”

ఎంత చక్కటి సమాధానం! సైనిక స్థావరాలు ఎందుకు, దూరదేశాల గనుల మీద ఆసక్తి ఎందుకు, సాయం చేసినందుకు ఖనిజాలు రాసివ్వమనడం ఎందుకు అని వాదులాడే పండితులు భిక్షం దగ్గర ఒక్క పూట కూర్చుంటే చాలు. కాపలాదారు చేనును చెక్ చేస్తాడు. చేను అయిపోయేదాకా చెక్ చేస్తాడు.

ముత్తమ్మ ప్రదీప్ దగ్గరికి వెళ్లింది. అతను ఫోన్ పక్కన పెట్టి ఓపికగా వివరించాడు. “పెద్దమ్మా, నువ్వు గట్ల సోంచాయించొద్దు. ఆయన లేకుంటె కోతులు మొత్తం తింటుండె. గీ కొంచెం ఆయన ఫీజు అనుకో.”

“కోతులు సగం తిని, సగం నాకిడుస్తుండెరా! గీయినె చెట్టుకు చెట్టే పీకి, రెండు కాయలు కొరికి పారేస్తాండు. కోతికి ఆకలుండె. గీయినకు ఏముందిరా?”

ఈ ప్రశ్న రాజనీతి శాస్త్రంలో చాలా పాతది. ప్రదీప్ తెలివిగా దాని జోలికి పోలేదు.

మరికొన్నాళ్లకు మరో మలుపు. పక్క ఊళ్లో తిండి తక్కువైన కోతులు మెల్లగా మా పొలిమేరలోకి వచ్చి, ముత్తమ్మ చేనుకు అవతలి గట్టున వరుసగా కూర్చున్నాయి. ఇవతలి గట్టున పెద్దన్న. ఊరంతా మిద్దెలెక్కి చూసింది, యుద్ధం తప్పదని. పెద్దన్న పళ్లు చూపించలేదు! వీపు గోక్కుంది. కోతుల పెద్ద నాలుగడుగులు ముందుకు వేసింది. పెద్దన్న మొహం తిప్పుకుంది. కాసేపటికి ఇటు సగం చేనులో పెద్దన్న, అటు సగం చేనులో కోతులు బుద్ధిగా కూర్చుని కాయలు ఒలుచుకుంటున్నాయి. మధ్యలో గీత గీసినట్టు ఒక సాలు విడిచిపెట్టాయి కూడా!

శాంతి చర్చలంటే ఇవి. చర్చ ముత్తమ్మ చేను గురించి, ముత్తమ్మ చేనులోనే జరిగింది. ముత్తమ్మను పిలవలేదు. దండెత్తినవారూ కాపాడతామన్నవారూ ఒకచోట కూర్చుని, దెబ్బ తిన్నవారి భూమిని ఎలా పంచాలో మాట్లాడుకునే నవీన పద్ధతిని మనం టీవీల్లో చూశాం. మా ఊరు కళ్లారా చూసింది. ముత్తమ్మ వడిసెల ఎత్తబోతే భిక్షం అడ్డం వచ్చాడు. “అవ్వా, శాంతి నడుస్తాంది, చెడగొట్టకు,” అన్నాడు.

మరి ఊరేం చేసింది? ఊరికే కూర్చుందనుకుంటున్నారా? లేదు! ప్రదీప్ ఊరి గ్రూపులో ఒక ప్రకటన పెట్టాడు. “చేనులో జరుగుతున్న పరిణామాలను నిశితంగా గమనిస్తున్నాం. ఇరుపక్షాలు సంయమనం పాటించాలి.” దాని కింద ఊరంతా చేతులు జోడించే బొమ్మలు పెట్టింది.

ఎవరో చదివి వినిపిస్తే ముత్తమ్మ అడిగింది. “ఇరుపక్షాలంటె ఎవలెవలురా? పల్లిచెట్టు గూడ సంయమనం పాటియ్యాల్నా?”

ఊరి వైఖరిని నేను సమర్థిస్తున్నాను. పత్తి రైతుకు పల్లి గొడవ ఎందుకు? కోతి పత్తి తినదు. కొండెంగా పత్తి తినదు. తమ చేను ముట్టనంత వరకు అందరితోనూ స్నేహంగా ఉండటాన్నే మనం స్వతంత్ర విధానం అంటాం. పెద్దన్నకు అరటిపళ్లు యథావిధిగా వెళుతూనే ఉన్నాయి. అది తినడం లేదు కనుక భిక్షం తింటున్నాడు.

ఇలా అందరూ సుఖంగా ఉండగా పత్తి మార్కెట్‌కు వెళ్లే రోజులు వచ్చాయి. ప్రదీప్ తన పత్తిని ట్రాలీలో తొక్కించి జనగామ తీసుకెళ్లాడు. సాయంత్రం ట్రాలీ వెళ్లినట్టే తిరిగి వచ్చింది. పత్తి కూడా వెళ్లినట్టే తిరిగి వచ్చింది.

కారణాల గొలుసు చెబుతాను, ఒక్కో ముడీ పట్టుకోండి. అమెరికా మన దేశపు సరుకుల మీద భారీగా సుంకం వేసింది. మనం ఎవరి దగ్గర చమురు కొనాలో తనను అడగలేదని కూడా దానికి కోపం. సుంకం వల్ల మన బట్టల మిల్లులు బెంబేలెత్తాయి. వాటికి చవకగా పత్తి దొరకాలని మన ప్రభుత్వం విదేశీ పత్తి మీద మనం వేసే సుంకాన్ని కొన్ని నెలల పాటు ఎత్తివేసింది. విదేశీ పత్తి దిగింది. అందులో అమెరికా పత్తీ ఉంది! అంటే మన చొక్కా మీద పన్ను వేసినవారే, ఆ చొక్కాకు పత్తి కూడా అమ్ముకున్నారు. ఈ గొలుసు చివరి కొసన, ఎవరి మీదా ఏ సుంకమూ వేయని మా ప్రదీప్ ట్రాలీ దగ్గర నిలబడి ఉన్నాడు. “బయటి పత్తి మస్తు వచ్చింది తమ్మీ, నీది జర ఆగాలె,” అన్నారట మార్కెట్‌లో.

హోటల్ ముందు ఆ రోజు చాయ్ ఎవరూ తాగలేదు. అటుగా వెళుతున్న ముత్తమ్మ ఆగింది.

“ఏమాయెరా ప్రదీపూ, మొహం గట్ల పెట్టినవ్?”

“పత్తి మునిగింది పెద్దమ్మా. అమెరికోడు మన నోట్ల మన్ను కొట్టిండు.”

“అయ్యో! పత్తి కోతులు తినయంటిరి గదరా!”

ఆమె వదిలిపెట్టలేదు. “గ్రూపుల పెట్టినవా మరి? సంయమనం పాటియ్యుమని?”

ముందు ఒక ముసలాయన నవ్వాడు. తర్వాత ఇంకొకరు. చివరికి ప్రదీప్ కూడా తల గోక్కుంటూ నవ్వాడు. పత్తి మునిగిన ఆ రోజు నవ్వినంతగా మా ఊరు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పెద్దన్న వెళ్లిపోయింది. ఊరు తరిమిందని అనుకునేరు. మాకు అంత ధైర్యం ఎక్కడిది? ముత్తమ్మ చేను దాదాపు ఖాళీ కాగానే కోతులు మళ్లీ పక్క ఊరి మీద పడ్డాయి; ఆ ఊరివాళ్లు బాధ తట్టుకోలేక భిక్షానికి కబురు పెట్టారు. ఆ ఊరికి కోతులను తరిమింది ఎవరు? పెద్దన్న. ఆ కోతుల నుంచి ఆ ఊరిని కాపాడటానికి వెళ్లింది ఎవరు? పెద్దన్నే! పొలిమేర అవతల ఇంకో శాలువా సిద్ధంగా ఉంది. భిక్షం పోతూ పోతూ ముత్తమ్మకు దండం పెట్టి, “కోతులు మల్ల ఇటే వస్తయ్ అవ్వా, నా నంబర్ దాసిపెట్టుకో,” అని చెప్పి వెళ్లాడు. ఆయుధాలమ్మే కంపెనీలు వేల మంది చదువుకున్నవారిని పెట్టుకుని చేసే పనిని ఈయన ఒక తాడుతో చేస్తున్నాడు.

ఇక చేను సంగతి. బావి దగ్గరి కొన్ని సాళ్లు మాత్రం మిగిలాయి. కాయ ఇంకా ముదరలేదు. పచ్చికాయ పీకితే తినడానికి వస్తుంది కానీ విత్తనానికి పనికిరాదు. ముదిరేదాకా ఆగితే కోతులు ఉంచవు. పొలిమేర అవతల పెద్దన్న పళ్లు చూపించగానే అవి మా ఊరి దారి పట్టాయి. ముత్తమ్మ ఒక్కతే గట్టు మీద నిలబడింది. ఆ పూట వడిసెల తాడు కూడా తెగింది.

అప్పుడు ప్రదీప్ వచ్చాడు. చేతిలో కర్ర, సంకలో రేకుడబ్బా.

“పెద్దమ్మా, జరగు. నేను కూసుంట.”

“ఎందుకురా, పులిబొమ్మ లెక్కనా?”

“గట్లనే అనుకో. పత్తి ఇంట్ల పడ్డది, పనేముంది నాకు?”

అతని వెనుక పత్తి ఏరే ఆడవాళ్లు వచ్చారు. ఏరడానికి పత్తి ఉన్నా, ఏరించుకునే ఉత్సాహం ఎవరికీ లేక వాళ్లకూ పని లేదు. పాత మంచెకు కొత్త కట్టెలు కట్టారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, పొద్దుగూకే వేళ ఒకరు. వాళ్లు మోగించే డబ్బాలకన్నా వాళ్లు చెప్పుకునే కబుర్ల చప్పుడుకే కోతులు సగం హడలిపోయాయని నా పరిశీలన. నాకూ ఒక పూట వంతు వేశారు. మంచె ఎక్కలేను కనుక కింద కుర్చీ వేశారు. కోతుల పెద్ద నన్ను కాసేపు ఎగాదిగా చూసి, వాదన పెట్టుకోవడం లాభం లేదనుకుందేమో, వెళ్లిపోయింది.

కాయ ముదిరింది. పీకారు. తినడానికి గుప్పెడు కూడా లేదు, అంతా విత్తనానికే. ముత్తమ్మ ఆ కాయలను వాకిట్లో ఎండబోసుకుని పక్కనే చీపురు పట్టుకుని కూర్చుంది, కిరీటానికి కాపలా కాసే మహారాణిలాగా.

ఇప్పటికైనా అర్థమైందా, అమెరికా మనకెంత మేలు చేసిందో? అది మా పత్తిని ముంచకపోతే ప్రదీప్ మంచె ఎక్కేవాడా? అందుకే దాన్ని నిందించే గొంతులతో నేను గొంతు కలపను. బలిసినవాడు పక్కవాడి చేను మేయడం లోకంలో కొత్త సంగతి కాదు. అతను తన పని తాను శ్రద్ధగానే చేస్తున్నాడు.

నా ఫిర్యాదు వేరే. అతను వేరొకరి ద్వీపం అడిగినప్పుడు మనం మ్యాపు చూశాం. వేరొకరి కాలువ అడిగినప్పుడు చాయ్ తాగాం. వేరొకరి దేశాన్ని వారిని పిలవకుండానే పంచుతుంటే ఇరుపక్షాలనూ సంయమనం పాటించమన్నాం. కోతులు పక్క ఊరి మీద పడ్డాయని రెండో చాయ్ పోయించుకున్న ఊరికి సామ్రాజ్యవాదం బోధించడానికి వాషింగ్టన్ నుంచి ఎవరైనా రావాలా? ఆ విద్యలో మనమూ తీసిపోలేదు. మన దగ్గర లేనిది తోక ఒక్కటే.

విత్తనం దక్కిందన్న వార్త వ్యాపించాక జనం ముత్తమ్మ వాకిట్లోకి రావడం మొదలైంది. అందరికీ వచ్చే పంటకు ఒక్కో మడి పల్లి పెట్టాలని ఉంది. ముత్తమ్మ తన షరతు చెప్పింది. “ఇత్తనం ఇస్త. కావలి కూసున్నోళ్లకే ఇస్త. కూసోనోళ్లు గ్రూపుల పెట్టుకోండ్లి.”

నిన్న పొద్దున నేనక్కడే ఉన్నాను. పక్క ఊరి నుంచి లచ్చయ్య అనే పెద్దమనిషి వచ్చాడు. లోపలికి రావడానికి మొహం చెల్లక వాకిలి అవతలే నిలబడ్డాడు.

“అక్కా, మా ఊళ్లె మీ పెద్దన్న దిగిండు. మక్కలు అయిపోయినయ్, ఇప్పుడు చిక్కుడు మీద పడ్డడు. భిక్షాన్నడిగితె చెక్ చేస్తాండంటాండు. మీరేదో వంతు పెట్టిండ్లట గదా… జర మా దిక్కు గూడ ఎవలన్న వస్తరా? గా ఇత్తనం పిడికెడన్న ఇస్తవా?”

ముత్తమ్మ చేటలో కాయలు చెరుగుతూ, “లోపటికి రా తమ్మీ, ఎండల నిలవడ్డవేంది,” అంది. తర్వాత ప్రదీప్ వైపు తిరిగి, “రేప్పొద్దున ఎవలి వంతురా?” అని అడిగింది.

ప్రదీప్ తటపటాయించాడు. “నాదే పెద్దమ్మా. గని… వాళ్లది వేరే ఊరు గదనే?”

ముత్తమ్మ చేట కింద పెట్టింది.

“కోతికి ఎర్కనారా, ఊరి పొలిమేర?”